పదిహేను గంటల సీటు: వరంగల్‌లో హెవీ డ్రైవింగ్ శిక్షణ

లారీ లైసెన్సు కోసం వరంగల్ నగర శివారులోని ఒక హెవీ డ్రైవింగ్ స్కూల్‌లో నిరుడు చలికాలంలో నెల రోజులకు పైగా శిక్షణ తీసుకున్నాను. ఫీజు 12,000 రూపాయలు. లైసెన్సు మొదటి ప్రయత్నంలోనే వచ్చింది. ఇప్పుడు మా మేనమామ లారీలో ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకుంటున్నాను. బండి ఖాళీగా ఉన్నప్పుడు స్టీరింగ్ నాకిస్తాడు, లోడు ఉన్నప్పుడు ఇంకా ఇవ్వడు. ఈ స్కూల్‌కు ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను. అందులో రెండున్నర మాకు నేర్పిన సారువి, మిగిలిన సగమే యాజమాన్యానిది. స్కూల్ పేరు రాయడం లేదు. పేరు చూసి చేరడమో మానడమో చేయడం కంటే, ఏ స్కూల్‌కు వెళ్లినా ఏమి అడగాలో తెలిసి ఉండడం చేరబోయేవారికి ఎక్కువ పనికివస్తుంది. అడగవలసిన ప్రశ్న నిజానికి ఒక్కటే: డ్రైవర్ సీటులో నన్ను మొత్తం ఎన్ని గంటలు కూర్చోబెడతారు?

అంతకంటే ముందు వయసు లెక్క సరిచూసుకోవాలి, ఎందుకంటే కుర్రవాళ్లు ఎక్కువగా డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పద్దెనిమిది నిండగానే కారు లైసెన్సు వస్తుంది కనుక లారీకి కూడా వస్తుందని చాలామంది అనుకుంటారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనాన్ని బహిరంగ రహదారి మీద నడపడానికి ఇరవై ఏళ్లు నిండాలి. దానికి తోడు, లారీకి లెర్నర్ లైసెన్సు ఇవ్వాలంటే అప్పటికే కనీసం ఏడాది పాటు లైట్ మోటారు వాహనం లైసెన్సు మన చేతిలో ఉండి ఉండాలి. అంటే పద్దెనిమిదికో పందొమ్మిదికో కారు లైసెన్సు తీసిపెట్టుకున్నవాడు ఇరవై నిండగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. బద్ధకించి ఇరవై ఒకటికి తీసుకున్నవాడు ఇరవై రెండు దాకా ఆగాలి. మా స్కూల్‌లో పందొమ్మిదేళ్ల ఎనిమిది నెలల కుర్రవాడి దగ్గర సగం ఫీజు ముందే కట్టించుకుని, తర్వాత తాపీగా నాలుగు నెలలు ఆగి రమ్మన్నారు. డబ్బు వెనక్కి అడిగితే, ఒకసారి రసీదు రాశాక తిరిగి ఇవ్వడం కుదరదన్నారు. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లోనే తీసేసినా, స్కూల్ బోర్డు మీద అది ఇంకా పెద్ద అక్షరాలతో అలాగే ఉంది.

అసలు మీకు ఈ లైసెన్సు అవసరమా అన్నది కూడా ఆలోచించుకోవాలి. మార్కెట్‌కు కూరగాయలు వేసే చిన్న డీసీఎం, టాటా ఏస్ వంటివి నడపడమే మీ ఉద్దేశమైతే, బండి మొత్తం బరువు 7,500 కిలోలు దాటనంత వరకు లైట్ మోటారు వాహనం లైసెన్సే చాలునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా దాన్నే ఖాయం చేసింది. మా బ్యాచ్‌లో డీసీఎం నడిపే అన్న ఒకరు ఈ సంగతి తెలియక చేరారు. తెలిసిన తర్వాత కూడా మానలేదు, ఎలాగూ పెద్ద బండి ఎక్కాలనే ఉందన్నారు. అది వేరే విషయం.

ఇక కాగితాలు. రవాణా వాహనానికి వైద్యుడి ధ్రువపత్రం, అంటే ఫారం 1ఏ, తప్పనిసరి. రంగులు గుర్తుపట్టగలరా, చెవులు బాగా వినిపిస్తున్నాయా, రేచీకటి ఉందా అన్నవన్నీ అందులో ఉంటాయి; పట్టపగలు 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలి. కేంద్ర నిబంధనల ప్రకారం లెర్నర్ లైసెన్సుకు 150 రూపాయలు, డ్రైవింగ్ పరీక్షకు 300, ఉన్న లైసెన్సులో కొత్త తరగతి చేర్చడానికి 500. సేవా రుసుములు వీటికి అదనం. స్కూల్ వాళ్లు మాత్రం ఫీజు కాక మరో 2,500 రూపాయలు ‘ఆఫీసు ఖర్చుల’ కింద అడిగారు. వేటికి ఎంతో రాసిచ్చి రసీదు ఇమ్మన్నాను. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. స్లాట్ నేనే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకున్నాను, రుసుము నేనే కట్టాను. ఏ ఇబ్బందీ రాలేదు. స్కూల్‌తో మనకు తప్పనిసరిగా ఉండే పని మూడింటితోనే: శిక్షణ, శిక్షణ పూర్తయినట్లు ఇచ్చే ఫారం 5, పరీక్ష రోజున నడపడానికి లారీ.

ఆ లారీ గురించి చెప్పాలి. ఆరు చక్రాల పాత బండి, నంబరు ప్లేటు ఏపీ 36. అంటే తెలంగాణ రాకముందు, వరంగల్ ఒకే జిల్లాగా ఉన్న కాలంలో రోడ్డెక్కిన బండి. డ్రైవర్ సీటు ఒక పక్కకు కుంగిపోతే దాని మీద మడతపెట్టిన గోనెసంచి వేశారు. బండి పాతదైనందుకు నాకు ఫిర్యాదు లేదు. పాత బండి మీద నేర్చుకున్నవాడికి క్లచ్, గేరు చెప్పే మాట చెవికి బాగా తెలుస్తుంది. ఫిర్యాదు ఎడమవైపు అద్దం గురించి. అది నిలువునా పగిలి, మధ్యలో నల్ల టేపు అంటించి ఉండేది. అందులో చూస్తే మైదానం చివర ఉన్న ఒక్క వేపచెట్టు రెండుగా కనిపించేది. అద్దాల మీద ఆధారపడి నేర్చుకోవలసిన పనికి పగిలిన అద్దం ఇచ్చి, మార్చమంటే ‘రేపు’ అంటూ నా శిక్షణ మొత్తం గడిపేశారు.

మొదటి రోజు ఇంజన్ స్టార్ట్ చేశాక సారు మమ్మల్ని కదలనివ్వలేదు. డ్యాష్‌బోర్డు మీద ఉన్న గాలి మీటరు చూపించి, ముల్లు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తుందో నోరు మూసుకుని చూడమన్నారు. ముల్లు నెమ్మదిగా లేచింది, బజర్ మోగడం ఆగింది, చివరికి ఎక్కడో కింద నుంచి ‘ఫుస్’ మని గాలి వదిలిన శబ్దం వచ్చింది. ‘ఇప్పుడు నిండింది. ఇది నిండకముందు బండి కదిలించినోడు డ్రైవర్ గాదు, దొంగ’ అన్నారు. కారు నడిపి వచ్చిన మాకు అర్థం కావడానికి సమయం పట్టిన సంగతి ఏమిటంటే, ఈ బండిలో పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది బలమైన స్ప్రింగు, దాన్ని విడిపించేది గాలి. గాలి లేకపోతే బ్రేకు వదలదు. రోడ్డు మీద పోతుండగా గాలి బాగా పడిపోతే అదే స్ప్రింగు చక్రాలను పట్టేస్తుంది. అందుకే గాలి లీకవుతున్న బండిని ‘ఎలాగోలా నడిపిద్దాం’ అనుకోకూడదని, రోజూ పని మొదలుపెట్టే ముందు గాలి ట్యాంకుల కింద ఉండే రింగు లాగి లోపల చేరిన నీళ్లు వదిలేయాలని ఆయన చెప్పారు. ఆ రింగు లాగే పని మా నలుగురికీ వంతులవారీగా వచ్చింది. మొదటి రోజు నేను లాగితే చేతి మీదికి చల్లటి నీళ్లు, నూనె కలిసిన మురికి చిమ్మింది. ఆ వాసన సాయంత్రం దాకా పోలేదు.

ఇప్పుడు గంటల లెక్కకు వస్తాను. రవాణా వాహనాల శిక్షణ 30 రోజులకు తగ్గకూడదని, అందులో అసలు డ్రైవింగ్ 15 గంటలకు తగ్గకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. మా బ్యాచ్ ఉదయం 6 నుంచి 8 వరకు. బండి ఒక్కటి, మనుషులం నలుగురం. అంటే మనిషికి రోజుకు అరగంట. ఆదివారాలు పోను 26 రోజులు. అందులో క్లచ్ ప్లేటు పోయి మూడు రోజులు బండి కదలలేదు. మిగిలిన 23 రోజులు అరగంట చొప్పున లెక్కిస్తే పదకొండున్నర గంటలు. ఇది నేను ఊహించి వేసిన లెక్క కాదు. మా నాయన పాత ట్రిప్పుల డైరీలో ఖాళీగా మిగిలిన వెనక పేజీలలో సీటు ఎక్కిన సమయం, దిగిన సమయం రోజూ రాసుకున్నాను. నాయన ఇరవై ఏళ్లకు పైగా లారీ నడిపారు. ఆయన కాలంలో స్కూల్ అన్న మాటే లేదు. క్లీనర్‌గా చేరి, చక్రాల కింద రాళ్లు పెడుతూ, తాళ్లు బిగిస్తూ, టైర్లను రాడ్డుతో కొట్టి శబ్దం వింటూ మూడు నాలుగేళ్లు గడిపితే, ఏదో ఒక రాత్రి ఖాళీ రోడ్డు మీద డ్రైవర్‌కు నిద్ర వచ్చి స్టీరింగ్ చేతికిచ్చేవాడు. ఆ పద్ధతి గొప్పదని నేను అనను; నిద్ర వచ్చిన డ్రైవర్ పక్కన లైసెన్సు లేని పిల్లవాడు నేర్చుకోవడం ఎంత ప్రమాదమో నాయనే చెబుతారు. కానీ ఆ మూడేళ్లలో కళ్లతో చూసి నేర్చుకున్నదంతా ఇప్పుడు పదిహేను గంటలలో రావాలి. అలాంటప్పుడు ఆ పదిహేనులో మూడున్నర గంటలు తగ్గడం చిన్న సంగతి కాదు.

అయితే తోటివారు నడుపుతుంటే వెనక కూర్చుని చూసిన గంటన్నర కూడా వృథా పోలేదని ఒప్పుకోవాలి. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక అన్న చిన్నప్పటి నుంచి ట్రాక్టర్ నడిపినవాడు. ముందుకు పోవడంలో మా అందరికంటే నయం. రివర్స్‌లో మాత్రం ప్రతిసారీ బండిని తప్పు దిక్కుకు తిప్పేవాడు. నాలుగు రోజులు ఎవరికీ కారణం అంతుపట్టలేదు. ఐదో రోజు సారు దిగి, దూరంగా నిలబడి చూసి నవ్వారు: ‘నువ్వు ట్రాలీకి తిప్పుతున్నవ్ బిడ్డా, దీనికి ట్రాలీ లేదు.’ ట్రాక్టర్‌కు తగిలించిన ట్రాలీని వెనక్కి పెట్టేటప్పుడు స్టీరింగ్ ఎదురు దిక్కుకు తిప్పాలి. లారీకి వెనక డబ్బా బండితో కలిసే ఉంటుంది కనుక ఏ వైపుకు పోవాలో ఆ వైపుకే తిప్పాలి. పదేళ్ల అలవాటును చేతుల్లోంచి తీసేయడానికి ఆ అన్నకు ఇంకో వారం పట్టింది. నాలుగోవాడు జగిత్యాల నుంచి వచ్చి అక్క ఇంట్లో ఉంటూ నేర్చుకుంటున్నాడు, దుబాయికి పోవాలని. అక్కడ మళ్లీ పరీక్ష రాసి అక్కడి లైసెన్సు తీసుకోవాలి, పైగా అక్కడ బండి రోడ్డుకు కుడి పక్కన నడపాలి. ఇక్కడి కాగితం చూపిస్తే చాలునని అతనికి ఏజెంటు చెప్పాడట. అలా కాదని మా సారే చెప్పవలసి వచ్చింది.

రివర్స్ శిక్షణ ఈ స్కూల్‌లో నిజంగా మంచిది. నేల మీద సున్నంతో గీతలు పోసి, గీతల చివర పాత టైర్లు నిలబెట్టి, వాటి మధ్యకు వెనక్కి తెమ్మనేవారు. తల బయటకు పెట్టి చూస్తే ఒప్పుకునేవారు కాదు. ‘అద్దంల చూడు తమ్మీ. లోడు మీద తాడ్‌పత్రి కట్టినంక, వానల, రాత్రి, తల బయట పెడితే నీకేం కనబడది’ అనేవారు. కుడి అద్దం, ఎడమ అద్దం, మళ్లీ కుడి. చక్రం ఒక్క చుట్టు, ఆగు, మళ్లీ చూడు. నెల చివరికి నేను టైరు తగలకుండా పెట్టగలిగిన రివర్సులు అరవై ఒకటి, తగిలించినవి అంతకు రెండింతలు. శిక్షణ అయ్యాక నాయన అడిగింది కూడా అదొక్కటే. ‘రివర్స్ ఎన్నిసార్లు కొట్టినవ్ రా?’ లెక్క చెప్పాను. ఆయన మాట్లాడలేదు, కానీ మేనమామకు ఫోన్ చేసి నన్ను వెంట తీసుకుపొమ్మన్నారు.

ఆ సారు నేర్పిన వాటిలో ఎడమ పక్క పాఠం నేను ఎన్నటికీ మరవను. ఒక ఉదయం నన్ను సీటులో కూర్చోబెట్టి, ఇంజన్ ఆపించి, ‘చుట్టూ చూసి ఏముందో చెప్పు’ అన్నారు. రెండు అద్దాలూ చూశాను, ముందు అద్దంలోంచి చూశాను; ఏమీ లేదన్నాను. దిగి చూడమన్నారు. ఎడమ తలుపు పక్కన, ముందు చక్రానికి మూరెడు దూరంలో ఆయన స్కూటరు స్టాండు వేసి ఉంది. దాని మీద జగిత్యాల అన్న కూర్చుని నవ్వుతున్నాడు. లారీ కేబిన్ ఎత్తు వల్ల ఆ చోటు అద్దంలోకి రాదు, కిటికీలోంచి కనబడదు. నగరంలో ఎడమకు తిరిగే లారీ పక్కకు ద్విచక్ర వాహనం దూరేది సరిగ్గా అక్కడికే. మలుపులో ఇంకో ప్రమాదం వెనక చక్రాలది: అవి ముందు చక్రాలు పోయిన దారిలో పోవు, మలుపు లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. ఖమ్మం రోడ్డులో పంథిని వైపు ప్రాక్టీసుకు తీసుకుపోయినప్పుడు, ఊళ్లోకి తిరిగే మలుపు దగ్గర సారు ఒక ఇటుక పెట్టి, వెనక చక్రం దాని మీదికి ఎక్కకుండా తిప్పమనేవారు. మొదటి ఇటుక పొడి అయింది. రెండోది కూడా.

చెరువు కట్ట ఎక్కే వాలు మీద ఆపి, బండి వెనక్కి జారకుండా కదిలించడం, దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయకుండా ఎక్కిన గేరులోనే దిగడం కూడా ఇక్కడ బాగానే నేర్పారు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే అలవాటు మన రోడ్ల మీద చాలామందికి ఉంది. అప్పుడు బండి బరువంతా బ్రేకుల మీద పడి, అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. ఇంతవరకు సారు రెండున్నర నక్షత్రాల లెక్క.

మిగిలిన రెండు నక్షత్రాలు ఎందుకు తగ్గించానంటే, లారీ డ్రైవర్ బతుకులో సగభాగం ఈ శిక్షణలో లేదు. నెల మొత్తంలో ఒక్కరోజు కూడా బండిలో లోడు వేయలేదు. ఖాళీ లారీకి, లోడు లారీకి పోలిక లేదు. ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడ బ్రేకు వేస్తే ఎక్కడ ఆగుతుందో నెల రోజుల్లో ఒంటబట్టించుకున్న అంచనా అంతా లోడు పడగానే తప్పిపోతుంది. మామ లారీలో ఎనుమాముల మార్కెట్‌కు మొదటిసారి పోయినప్పుడు నాకు ఆ తేడా తెలిసింది. పత్తి బస్తాల లోడు బరువు తక్కువ, ఎత్తు ఎక్కువ. గాలికి, మలుపులకు ఊగుతుంది, కరెంటు తీగలు చూసుకోవాలి. కరీంనగర్ వైపు నుంచి వచ్చే గ్రానైటు బండ చూస్తే డబ్బాలో ఒక మూలకు ఉన్నట్టే ఉంటుంది గాని, గొలుసులు సరిగా బిగించకపోతే గట్టి బ్రేకుకు అది ముందుకు వస్తుంది. మార్కెట్ యార్డులో రివర్స్ పెట్టేముందు మామ బండి దిగి చుట్టూ ఒకసారి నడిచి వస్తాడు. ఎండకు హమాలీలు లారీ నీడలోనే కూర్చుంటారు కనుక. ఈ దిగి చూసే అలవాటు స్కూల్ మైదానంలో ఎవరూ నేర్పలేదు, ఎందుకంటే అక్కడ లారీ వెనక టైర్లు తప్ప మనుషులు ఉండరు.

రాత్రి డ్రైవింగ్ కూడా లేదు. పరకాల, భూపాలపల్లి దారుల్లో బొగ్గు, ఇసుక బండ్లు ఎక్కువగా నడిచేది రాత్రే. పత్తి కాలంలో వెనక లైటు లేని ట్రాక్టర్లు ఎదురయ్యేది అప్పుడే. ఉదయం ఆరింటికి మంచులో నడిపించడమే మాకు దొరికిన చీకటి. ఇక కొత్త బండ్ల సంగతి. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 లారీలలో డీజిలుతో పాటు యాడ్‌బ్లూ అనే ద్రవం పోయాలి. అది అయిపోయే దాకా చూడకపోతే ఇంజన్ బలం తగ్గిపోతుంది, డ్యాష్‌బోర్డు మీద లైట్లు వరుసగా వెలుగుతాయి. మామ బండి ఎక్కిన మొదటి వారం ఆ లైట్లలో ఏది దేనికో నాకు తెలియలేదు. సిలబస్‌లో ప్రథమ చికిత్స, మంటలు ఆర్పడం కూడా ఉన్నాయని నిబంధనలు చెబుతున్నాయి. మాకు ఆ రెండింటికీ కలిపి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపారు. కేబిన్‌లో ఉన్న ఎర్ర సిలిండరు మీద తేదీ దాటిపోయి చాలా కాలమైంది.

నెల పూర్తయిన రోజు ఆఫీసులో ఫారం 15 రిజిస్టరు ముందు పెట్టి సంతకాలు చేయమన్నారు. ఏ రోజు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా నడిపామో, దానికి మన సంతకం, నేర్పినవారి సంతకం ఉండవలసిన పుస్తకం అది. నా పేరు కింద వరుసలన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ముందే నిండి ఉన్నాయి. బండి షెడ్డులో ఉన్న మూడు రోజులు కూడా నేను నడిపినట్టు రాశారు. మొత్తం కూడితే సరిగ్గా పదిహేను గంటలు. నేను డైరీ తీసి పదకొండున్నర చూపించాను. యజమాని మొదట నవ్వారు, తర్వాత అందరూ చేస్తున్నదే కదా అన్నారు, ఆ తర్వాత సంతకం చేయకపోతే ఫారం 5 ఆగిపోతుందన్నారు. నేను గొంతు పెంచలేదు. మిగిలిన మూడున్నర గంటలు ఇవ్వండి, అప్పుడు చేస్తానన్నాను. సారు కుర్చీలోంచి లేచి, ‘పోరడు అడిగింది తప్పు గాదు సేటూ’ అనడంతో మాట కుదిరింది. తర్వాతి వారం రోజులు సాయంత్రం అరగంట చొప్పున, నేను ఒక్కడినే, ఏడు సార్లు నడిపాను. పక్కన ఎవరూ తమ వంతు కోసం ఎదురుచూడకుండా ఉన్న ఆ ఏడు అరగంటల్లో నేర్చుకున్నది మొదటి రెండు వారాలకు సమానం. మిగిలిన ముగ్గురిలో ట్రాక్టర్ అన్న మాత్రమే నాలాగే అడిగి తీసుకున్నాడు. మిగతా ఇద్దరూ సంతకం చేసి వెళ్లిపోయారు.

పరీక్ష రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. స్కూల్ వాళ్లు బండి సమయానికి తెచ్చారు, ఆ విషయంలో మాట నిలబెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టర్ గారు పక్కన కూర్చుని బండి తీయమన్నారు. నేను తీయలేదు. ‘ఏం, ఎవరి కోసం?’ అని అడిగారు. ‘ఎయిర్ నిండలేదు సార్’ అన్నాను. ఆయన మీటరు వైపు చూసి ఊరుకున్నారు. రివర్స్, వాలు మీద ఆపి కదిలించడం, ఎడమకు కుడికి తిరగడం చేయించారు. మొదటిసారి తప్పినవారికి ఏడు రోజుల తర్వాత మళ్లీ అవకాశం ఉంటుంది. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. చేతికి వచ్చిన రవాణా లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది; పెట్రోలు, గ్యాసు వంటి ప్రమాదకర సరుకుల బండ్లు నడిపేవారికి మూడేళ్లే.

సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో అశోక్ లేలాండ్‌తో కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసిన శిక్షణ కేంద్రం ఉంది. ప్రత్యేకమైన ట్రాక్‌లు ఉన్న చోటు. నాకు ఇక్కడ పగలు పని ఉండడం వల్ల, అంత దూరం పోయి ఉండడం కుదరక, దగ్గరలో ఉన్న దాన్నే ఎంచుకున్నాను. వీలున్నవారు ముందు దాన్ని చూసి రావడం మంచిది. వరంగల్‌లోనే నేర్చుకునేవారు, చేరే రోజునే బ్యాచ్‌లో ఎంతమంది, బండ్లు ఎన్ని, బండి చెడిపోతే ఆ రోజులు ఎలా కలుపుతారు అని అడిగి, జవాబు రసీదు మీద రాయించుకోండి. ఫారం 15లో ఏ రోజు సంతకం ఆ రోజే చేయండి. శిక్షణ అయ్యాక వెంటనే ఒంటరిగా లోడు బండి ఎక్కకుండా, తెలిసిన డ్రైవర్ పక్కన కొన్ని నెలలు కూర్చోవడానికి మీ ఇంట్లోనో ఊళ్లోనో ఎవరైనా ఉన్నారా అన్నది కూడా ముందే చూసుకోండి. ఎవరూ లేనివారికి ఈ స్కూల్ ఇచ్చేది సరిపోదు.

పోయిన నెల మా ఊరి తమ్ముడొకడిని చేర్పించడానికి వెళ్లినప్పుడు చూస్తే, ఎడమ అద్దం కొత్తది పెట్టారు. ఫారం 15 రిజిస్టరు బీరువాలోంచి తీసి బల్ల మీదే ఉంచుతున్నారు, పక్కనే దారం కట్టిన పెన్ను. బండి అదే, సీటు మీద గోనెసంచి అదే, బ్యాచ్‌లో ఇప్పటికీ నలుగురే. సారు మైదానంలో ఎవరో కొత్త కుర్రవాడి పక్కన కూర్చుని ఉన్నారు. ఇంజన్ నడుస్తోంది, బండి ఇంకా కదలలేదు.